దుకాణం తెరవకుండా కొత్త ఊళ్లో సరుకులు అమ్మడం ఎలా

మీ సూపర్‌మార్కెట్ చైన్‌కు సొంత ప్రాంతంలో మంచి పేరుంది. ఇప్పుడు ఇంతవరకూ అడుగుపెట్టని చోటికి వెళ్లాలని యాజమాన్యం అనుకుంటోంది. దుకాణాలు కట్టాలంటే స్థలాలు, అనుమతులు, భవనాలు, సిబ్బంది అంటూ ఏళ్లు గడిచిపోతాయి. అలాంటప్పుడు మీటింగులో ఎవరో ఒకరు అంటారు: "దుకాణం లేకుండానే వెళ్దాం. గోదాము, వ్యాన్లు, యాప్ ఉంటే చాలు కదా!" ఆ బాధ్యత మీ మీద పడిందనుకుని ఇది రాస్తున్నాను.

ఇది చేయదగ్గ పనే. ఇంట్లోంచి కదల్లేని పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నిజంగా మేలు చేసే పని కూడా. అందుకే జాగ్రత్తగా చేయాలి. ఈ దారిలో వెళ్లిన పెద్ద సంస్థలు చాలావరకు ఒకే చోట దెబ్బతిన్నాయి: ఆర్డర్లు వచ్చాయి గానీ, ఇళ్లు ఒకదానికొకటి దగ్గరగా లేవు. కింద చెప్పేదంతా ఆ దగ్గరతనాన్ని ఎలా సంపాదించాలో, దొరక్కపోతే ఎంత తక్కువ నష్టంతో వెనక్కి రావాలో చెప్పడానికే.

1. ఎందుకు వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

కారణాన్ని బట్టి లెక్క మారుతుంది. దుకాణం కట్టే ముందు జనం నాడి చూడటానికి వెళ్తున్నారా? అయితే భారీ గోదాము జోలికి పోవద్దు. మీ పాత గోదాములో ఖాళీగా ఉన్న సామర్థ్యాన్ని పక్క ఊరికి వాడుకుందామనా? అయితే దూరం మీ అసలు సమస్య. గట్టి పోటీదారు మంచి స్థలాలన్నీ పట్టేసిన చోటికా? అక్కడి జనం అలవాటైన దుకాణాన్ని వదిలి మీ దగ్గరికి ఎందుకు రావాలో ముందుగా మీకే తెలియాలి.

ఈ మూడూ కలిసిపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని క్రోగర్ సంస్థను చూడండి. సిన్సినాటి కేంద్రంగా పనిచేసే ఈ పెద్ద చైన్ 2018లో బ్రిటన్‌కు చెందిన ఆన్‌లైన్ సరుకుల సంస్థ ఒకాడోతో ఒప్పందం చేసుకుంది. రోబోలతో ఆర్డర్లు సర్దే గోదాములను ఒకాడో టెక్నాలజీతో కట్టడం ఆ ఒప్పందం సారాంశం. మొదటిది 2021లో ఒహాయోలోని మన్రోలో తెరుచుకుంది. అదే ఏడాది ఫ్లోరిడాలోని గ్రోవ్‌లాండ్‌లో సుమారు 3,75,000 చదరపు అడుగుల గోదాము తెరిచారు. ఫ్లోరిడాలో క్రోగర్‌కు దుకాణాలు దాదాపు లేవు, ఆ రాష్ట్రం పబ్లిక్స్ అనే పోటీ చైన్ కంచుకోట. తర్వాత టాంపా, జాక్సన్‌విల్‌లకు, డాలస్ గోదాము అండతో ఓక్లహామా సిటీకి, శాన్ ఆంటోనియోకు, ఆస్టిన్‌కు కూడా డెలివరీతోనే వెళ్లారు. 2024 మే నెలలో ఆస్టిన్, శాన్ ఆంటోనియో, మయామీ ప్రాంత కేంద్రాలను మూసేశారు. 2025 నవంబర్‌లో గ్రోవ్‌లాండ్‌తో సహా మూడు రోబో గోదాములను 2026 జనవరిలో మూస్తామని ప్రకటిస్తూ, సుమారు 260 కోట్ల డాలర్ల నష్టాన్ని పుస్తకాల్లో చూపించారు. డిమాండ్ ఒత్తుగా ఉన్న చోట్ల యంత్రాల గోదాములను కొనసాగిస్తూ, మిగతా చోట్ల దుకాణాల నుంచే సరుకు పంపే పద్ధతికి ప్రాధాన్యం ఇస్తామన్నారు.

డబ్బుకు, టెక్నాలజీకి లోటు లేని సంస్థ అది. కాబట్టి ఆ రెండూ ఉంటే చాలని మీ మీటింగులో ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

2. ఊరంతా వద్దు, కొన్ని పేటలు చాలు

పత్రికా ప్రకటనలో నగరం పేరు మొత్తం చెప్పుకోవాలని అందరికీ ఉంటుంది. ఆ కోరికను అణచుకోండి. పోస్టల్ కోడ్ వారీగా మ్యాపు ముందేసుకుని, ఆనుకుని ఉన్న మూడు నాలుగు పేటలను ఎంచుకోండి. విడివిడిగా మంచివని తోచిన నాలుగు పేటలు నగరానికి నాలుగు మూలల్లో ఉంటే అవి పనికిరావు.

ఎంపికలో ఆదాయం ఒక్కటే చూడకండి. వారానికి ఒకసారి పెద్ద మొత్తంలో సరుకులు కొనే కుటుంబాలు ఎక్కడున్నాయి? వ్యాను ఆపుకునే చోటు ఉందా? అపార్టుమెంటు గేటు దగ్గర ఎంతసేపు నిలబెడతారు? లిఫ్టు ఉందా? రెండు మూడు సాయంత్రాలు ఆ వీధుల్లో మీరే తిరిగి చూడండి. ఇవేవీ కంప్యూటర్ మ్యాపులో కనపడవు.

మిగతా పేటల వాళ్లకు వెయిటింగ్ లిస్టు పెట్టండి. 2015లో నెదర్లాండ్స్‌లోని అమర్స్‌ఫోర్ట్‌లో మొదలైన పిక్నిక్ సంస్థ ఈ పనే చేసింది. యాప్ తప్ప దుకాణం లేని ఆ సంస్థ, కొత్త చోట్ల జనాన్ని ముందు జాబితాలో చేర్చుకుని, చిన్న ఎలక్ట్రిక్ బళ్లతో స్థిరమైన దారుల్లో తిరుగుతూ పెరిగింది. జాబితా ఉంటే ఏ వీధిలో ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఖర్చు పెట్టకముందే తెలుస్తుంది.

3. వ్యాను లెక్క

ఈ ఒక్క లెక్క బాగా పట్టుబడితే మిగతావన్నీ సులువవుతాయి. అందుకే ఇక్కడ నిదానంగా వెళ్దాం.

వ్యాను అద్దె, ఇంధనం, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి గంటకు 100 అనుకోండి, మీ కరెన్సీ ఏదైనా సరే. గంటకు రెండు ఇళ్లకు ఇస్తే ఇంటికి 50 పడుతుంది. ఐదు ఇళ్లకు ఇస్తే 20. సరుకుల వ్యాపారంలో మార్జిన్ సన్నగా ఉంటుంది, కాబట్టి ఈ తేడాలోనే లాభనష్టాలు తేలిపోతాయి.

ఇప్పుడు 8 గంటల షిఫ్టు తీసుకోండి. అందులో గోదాము నుంచి మొదటి ఇంటికి వెళ్లే సమయం, చివరి ఇంటి నుంచి తిరిగొచ్చే సమయం ముందే తీసేయాలి. పోనూ రానూ గంటన్నర చొప్పున పడితే మూడు గంటలు పోయాయి. మిగిలింది ఐదు గంటలు, అంటే 300 నిమిషాలు. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణం 9 నిమిషాలు, గుమ్మం దగ్గర పని 6 నిమిషాలు అనుకుందాం. ఒక్కో ఇంటికి 15 నిమిషాలు. అంటే షిఫ్టుకు 20 ఇళ్లు. క్రోగర్ వ్యాను ఒక్కోదానిలో పట్టేవి కూడా 20 ఆర్డర్ల దాకానే. గోదాము చుట్టూ 90 మైళ్ల, అంటే 145 కిలోమీటర్ల దాకా తిప్పే పథకం అది. అంత దూరం వెళ్లే వ్యాను రోజులో పెద్ద భాగం ఒక్క సంచీ కూడా ఇవ్వకుండా రోడ్డు మీదే గడుపుతుంది.

అదే ప్రాంతంలో ఆర్డర్లు పెరిగితే? ఇక్కడ ఒక చిన్న గణితం ఉంది. ఒకే విస్తీర్ణంలో ఆర్డర్లు నాలుగు రెట్లయితే ఇంటికీ ఇంటికీ మధ్య దూరం సుమారు సగానికి తగ్గుతుంది. 9 నిమిషాల ప్రయాణం నాలుగున్నరకు వస్తుంది. గుమ్మం దగ్గర 6 నిమిషాలు మాత్రం మారవు. మొత్తం పదిన్నర నిమిషాలు, షిఫ్టుకు 28 ఇళ్లు. ఇందులో రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆర్డర్లు నాలుగు రెట్లయినా వ్యాను సామర్థ్యం నాలుగు రెట్లు పెరగలేదు, 40 శాతం పెరిగిందంతే. కాబట్టి "పెరిగేకొద్దీ ఖర్చు దానంతటదే పడిపోతుంది" అనే మాటను లెక్క చూపించకుండా ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రెండోది, గుమ్మం దగ్గరి సమయాన్ని తగ్గించడం విస్తరణ కంటే చవక. సంచుల మీద ఇంటి నంబరు పెద్దగా కనపడటం, క్రేట్లు దింపే వరుసలోనే ఎక్కించడం, ముందే ఫోనుకు మెసేజ్ వెళ్లడం లాంటి చిన్న పనులతో 6 నిమిషాలు 4 అయితే, అది రోజూ దక్కే లాభం.

గోదాములో రోబోలు ఆదా చేసేది సరుకు సర్దే కూలి. వ్యాను రోడ్డు మీద పోగొట్టే గంటల్ని అవి వెనక్కి తేలేవు. యంత్రాల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోండి.

4. సరుకు ఎక్కడి నుంచి పంపాలి

దారులు మూడు. కొత్త ఊరికి దగ్గర్లో మీ పాత దుకాణం ఉంటే దాని అరల్లోంచే సర్ది పంపడం. దూరపు గోదాములో సర్దిన క్రేట్లను రాత్రి పెద్ద లారీలో తెచ్చి, ఊరి అంచున చిన్న షెడ్డులో వ్యాన్లకు మార్చడం. ఆ ఊళ్లోనే సొంత గోదాము కట్టడం.

నా సలహా: మొదటిది కుదిరితే మొదటిదే. లేదంటే రెండోది. మూడోది చివర్లో, ఆర్డర్లు ఒత్తిడి చేస్తున్నప్పుడు. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్ చైన్ 1990ల చివర్లో ఆన్‌లైన్ ఆర్డర్లను దుకాణాల అరల్లోంచే సర్దింది. ఆన్‌లైన్ కోసమే పనిచేసే దుకాణాన్ని క్రాయిడన్‌లో తెరిచింది 2006లో. దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలో వెబ్‌వ్యాన్ అనే ఆన్‌లైన్ సరుకుల కంపెనీ ఎదురు దారిలో వెళ్లింది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డెలివరీ మొదలుపెట్టి, అక్కడ లాభం రాకముందే 26 భారీ గోదాముల కోసం బెక్‌టెల్ కంపెనీతో 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జులైలో మూతపడింది.

రెండో దారిలో, అంటే లారీ నుంచి వ్యానుకు మార్చే షెడ్డులో, ఒక పెద్ద మేలుంది: అక్కడ సరుకు నిల్వ ఉండదు. షెడ్డు, లోడింగ్ గుమ్మాలు, చల్లగది, కొద్దిమంది మనుషులు చాలు. లీజు చిన్నదిగా, మధ్యలో వదులుకునే వీలున్నదిగా రాయించుకోండి. చిక్కు సమయంతో వస్తుంది. సర్దిన దగ్గర్నుంచి గుమ్మం దాకా గంటలు పెరుగుతాయి, కాబట్టి పాలు, మాంసం లాంటివి 5 డిగ్రీల సెల్సియస్ లోపు, గడ్డకట్టించినవి మైనస్ 18 దగ్గర ఉండేలా ప్రతి చేతి మార్పు దగ్గరా కొలవాలి. లారీ తలుపు తీసి ఉంచిన అరగంటే అన్నిటికంటే ప్రమాదం. థర్మామీటర్ రికార్డు లేని క్రేటును వ్యాను ఎక్కించకండి.

ఆహార లైసెన్సు, వాహనాల పర్మిట్లు, మద్యం లేదా మందులు అమ్మాలంటే వాటి అనుమతులు చోటును బట్టి మారతాయి. అక్కడి నిబంధనలు తెలిసిన మనిషిని మొదటి నెలలోనే పెట్టుకోండి.

5. ఏం అమ్మాలి, మిగిలింది ఏం చేయాలి

కొత్త ఊళ్లో మీ పేరు ఎవరికీ తెలియదు. మీ సొంత బ్రాండు బియ్యం, సబ్బులు మీ ఊళ్లో ఎంత ఆడినా ఇక్కడ కొత్త ముఖాలే. ఒకాడో 2002లో ఇళ్లకు సరుకులివ్వడం మొదలుపెట్టినప్పుడు బ్రిటన్ సూపర్‌మార్కెట్ చైన్ వెయిట్‌రోజ్ సరుకులతో వెళ్లింది. దుకాణం లేని సంస్థకు జనం నమ్మే పేరు తోడైంది. మీరూ అక్కడివాళ్లు రోజూ వాడే బ్రాండ్లను ముందు పెట్టండి, మీ బ్రాండును పక్కన పరిచయం చేయండి.

దుకాణం ఉన్నవాళ్లకు ఉండి మీకు లేని సౌకర్యం ఒకటుంది. సాయంత్రానికి మెత్తబడిన అరటిపండ్లను, రేపటితో గడువు ముగిసే పెరుగును దుకాణంలో ధర తగ్గించి అమ్మేస్తారు. మీ గోదాములోకి కొనేవాళ్లు నడిచి రారు. మిగిలింది మిగిలినట్టే. అందుకని తాజా సరుకుల రకాలు మొదట్లో తక్కువ పెట్టుకోండి. ఆర్డర్లు మూసే సమయం రాత్రి పెట్టి, సరఫరాదారుకు ఆ తర్వాతే లెక్క పంపే ఏర్పాటు చేసుకోండి. ఆహారం పంచే సంస్థతో మొదటి రోజు నుంచే ఒప్పందం ఉండాలి. తినదగ్గ ఆహారం చెత్తలో పడటం నాకు ఏ లెక్కలోనూ సరిపడదు.

మీకున్న మేలూ ఒకటి చెప్పాలి. గోదాము నుంచి పంపితే మీ అరల్లోంచి వేరే కొనుగోలుదారులు తీసుకుపోరు కాబట్టి యాప్‌లో ఉందని చూపించిన సరుకు నిజంగానే ఉంటుంది. ఈ మాట నిలబెట్టుకుంటే కస్టమర్లు నిలబడతారు. ఒక్కోసారి బదులు సరుకు ఇవ్వాల్సి వస్తే ముందే అడగండి. అడగకుండా ఇచ్చినదానికి గుమ్మం దగ్గరే వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి.

6. స్లాట్లు

స్లాటు అంటే ఫలానా వేళ మధ్య సరుకు తెస్తామని కస్టమరుకు ఇచ్చే సమయం. అరగంట స్లాటు వినడానికి గొప్పగా ఉంటుంది. వెబ్‌వ్యాన్ ఇచ్చింది అదే. స్లాటు ఎంత ఇరుకైతే వ్యాను అంత అడ్డదిడ్డంగా తిరుగుతుంది, ఎందుకంటే పక్కింటి ఆర్డరు పొద్దున, ఎదురింటిది సాయంత్రం పడుతుంది. మొదట్లో గంట లేదా రెండు గంటల స్లాట్లు పెట్టండి. ఒక్కో పేటకు వారంలో కొన్ని రోజులే ఇచ్చినా ఫర్వాలేదు, చెప్పిన వేళకు వెళ్తే చాలు.

ఒకాడో తన సైట్‌లో చాలాకాలం ఆకుపచ్చ వ్యాను గుర్తు చూపించింది. ఆ వేళకు మీ దగ్గర్లోకి మా వ్యాను ఎలాగూ వస్తోందని దాని అర్థం. మీరూ ఇలా చూపించి, ఆ స్లాటుకు డెలివరీ రుసుము తగ్గించండి. చాలామంది దాన్నే ఎంచుకుంటారు. నిమిషాల్లో తెస్తామన్న పోటీకి దిగవద్దు. అది వేరే వ్యాపారం. ఆ పోటీలో వేగంగా పెరిగిన గెటిర్ 2024లో బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, అమెరికాల నుంచి తప్పుకుంది.

7. బోర్డు లేని దుకాణాన్ని పరిచయం చేయడం

దుకాణం ముందు నుంచి జనం రోజూ వెళ్తూ ఉంటారు, కొనకపోయినా పేరు కంట్లో పడుతుంది. మీకు ఆ బోర్డు లేదు. మీ వ్యానే మీ బోర్డు. దాన్ని శుభ్రంగా, దూరం నుంచి గుర్తుపట్టేలా ఉంచండి. ఒకే వీధికి ఒకే రోజుల్లో, ఒకే వేళకు వెళ్తే జనానికి అలవాటవుతుంది.

మొదటి ఆర్డరుకు భారీ డిస్కౌంటు ఇస్తే ఆర్డర్లు వెల్లువెత్తుతాయి. ఆ అంకెల్ని చూసి మురిసిపోవద్దు. మీరు చూడాల్సింది డిస్కౌంటు లేని మూడో ఆర్డరు ఎంతమంది పెట్టారన్నది. డబ్బంతా మొదటి ఆర్డరు మీద పోయకుండా, పక్కింటివాళ్లను చేర్పించిన కస్టమర్లకు ఇవ్వండి. పక్కింటివాళ్లు చేరితే వ్యానుకు అదనపు ప్రయాణం ఉండదు. ఈ రంగంలో ప్రచారానికి అంతకంటే మంచి ఖర్చు నాకు కనిపించలేదు.

8. డ్రైవర్లు, ఫోను

కస్టమరు చూసే మీ మనిషి డ్రైవర్ ఒక్కరే. అందుకే నెల జీతం మీద, శిక్షణతో, మీ సొంత ఉద్యోగులుగా తీసుకోండి. పగిలిన గుడ్లకు, నలిగిన రొట్టెకు అక్కడికక్కడే డబ్బు వెనక్కి ఇచ్చే అధికారం వాళ్లకివ్వండి. కాల్ సెంటర్‌కు ఫోటోలు పంపించి ఎదురుచూడమంటే ఆ ఇల్లు పోయినట్టే.

కంప్యూటర్ ఇచ్చిన రూటును నెలకోసారి డ్రైవర్లతో కూర్చుని సరిచేయండి. సాధ్యంకాని సమయాలు పెట్టి, ఆలస్యమైందని జీతం కోయడం అన్యాయం. పైగా ఆ టెన్షన్‌లో ప్రమాదాలవుతాయి. బరువు సంచులతో మెట్లెక్కే మనుషులకు నడుము పట్టీలు, చేతిబండి, భోజన విరామం లెక్కలో ఉండాలి.

యాప్ ఒక్కటే పెట్టకండి. పెద్ద వయసు వాళ్లు, కంటిచూపు సరిగా లేనివాళ్లు ఫోన్ చేసి ఆర్డరిచ్చే ఏర్పాటు ఉంచండి. ఈ సేవ అందరికంటే అవసరమైనది వాళ్లకే.

9. పెంచడమా, ఆపడమా

ఈ పేజీని వ్యాన్లు కొనకముందే రాసి, యాజమాన్యంతో సంతకం చేయించండి. అందులో మూడు అంకెలు ఉండాలి: ఒక్కో పేటలో వారానికి ఆర్డర్లు, వ్యాను గంటకు ఇచ్చే ఇళ్లు, డిస్కౌంటు లేని మూడో ఆర్డరు పెట్టినవాళ్ల శాతం. ఒక్కోదానికీ రెండు గీతలు గీయండి. పై గీత దాటితే పక్క పేటకు వెళ్లాలి. గడువు తేదీకి కింది గీత కూడా అందకపోతే ఆపాలి. ఎవరు నిర్ణయిస్తారో కూడా రాయండి.

పెంచేటప్పుడు ఆనుకుని ఉన్న పేటకే వెళ్లండి. గోదాము కట్టాలన్న ఆలోచన, షెడ్డు మీదుగా వెళ్లే ఆర్డర్లు వారాల తరబడి నిండిపోయాకే రావాలి.

ఓపికకు ఒక హద్దు నిర్ణయించుకోవడం కష్టమే. ఒకాడోకు పన్నుకు ముందు పూర్తి ఏడాది లాభం మొదటిసారి వచ్చింది 2014లో, డెలివరీలు మొదలైన పన్నెండేళ్లకు. మరోవైపు, 1989లో అమెరికాలోని చికాగో శివార్లలో పుట్టిన ఆన్‌లైన్ సరుకుల సంస్థ పీపాడ్‌కు పేరు, అనుభవం రెండూ ఉన్నాయి. అయినా దాని యజమాని అహోల్డ్ డెలెజ్, 2020లో తనకు దుకాణాలు లేని ఇల్లినాయ్, విస్కాన్సిన్, ఇండియానాల నుంచి పీపాడ్‌ను వెనక్కి పిలిచి, దుకాణాలున్న తూర్పు తీరం మీద దృష్టి పెట్టింది. మీ కథ ఏ దారి పడుతుందో ఆ మూడు అంకెలే చెబుతాయి, వాటిని ప్రతి సోమవారం చూడండి.

వెనక్కి రావడానికి అయ్యే ఖర్చు ముందే తెలిసి ఉండాలి. పైన చెప్పిన గోదాముల మూసివేతలకు, రద్దు చేసుకున్న ఒక కొత్త గోదాముకు కలిపి క్రోగర్ ఒకాడోకు 35 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. యంత్రాల ఒప్పందంలో, లీజులో, వ్యాన్ల అద్దెలో వదులుకుంటే ఎంత కట్టాలో సంతకానికి ముందు ఒక కాగితం మీద కూడి చూడండి.

ఆపాల్సి వస్తే, ఉద్యోగులకు పత్రికల కంటే ముందు చెప్పండి. నోటీసు కాలం జీతం, దగ్గరి శాఖల్లో ఖాళీల జాబితా చేతిలో పెట్టుకుని చెప్పండి. సభ్యత్వ రుసుము, వాలెట్‌లో మిగిలిన డబ్బు, గిఫ్టు కార్డుల సొమ్ము అడగకముందే తిరిగి వేయండి. ఫోన్లో ఆర్డరిచ్చే పెద్దవాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆ పేటకు డెలివరీ ఇచ్చే మరో సంస్థ వివరాలు ఇవ్వండి, అది మీ పోటీదారు అయినా సరే.